ఐదు ఎల్‌ఈడీలు, ఒక మల్టీమీటరు: తరంగాలు, వికిరణం, అర్ధవాహకాలు మొదటి నుంచి నేర్చుకునే దారి

ఒడిశాలోని బరంపురంలో మన తెలుగిళ్ళ పిల్లలకు ఫిజిక్సు మూడు భాషల్లో వస్తుంది. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ప్లస్ టూకి వచ్చేసరికి ఇంగ్లీషు. వికిరణం (రేడియేషన్) అనే మాట ఒడియాలోనూ తెలుగులోనూ ఒక్కటే. మనం అర్ధవాహకం (సెమీకండక్టర్) అనేదాన్ని వాళ్ళు అర్ధపరివాహి అంటారు. మాటలు ఇంత దగ్గరగా ఉన్నా విషయం మాత్రం దూరంగానే ఉండిపోతోంది. పుస్తకంలో తరంగాలు ఒక ఏడాది, ఫోటాన్లు, కేంద్రకాలు, అర్ధవాహకాలు మరుసటి ఏడాది చివర, పరీక్షల ముందు హడావుడిలో వస్తాయి. దాంతో ఇవి మూడు వేరువేరు పాఠాలని పిల్లలు అనుకుంటారు. నా అనుభవంలో అసలు చిక్కు అదే. ఈ మూడింటినీ కలిపే సంఖ్య ఒకటి ఉంది: 1240. దాన్ని పట్టుకుని వరసగా వెళ్తే, చివరికి ప్లాంక్ స్థిరాంకాన్ని మీ ఇంట్లో బల్ల మీదే కొలవచ్చు. ఈ మార్గదర్శి అందుకోసమే.

కావలసినవి ఇవి. పరారుణ (టీవీ రిమోట్లలో ఉండేది), ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలు, ఒక్కొక్కటి రెండేసి, 9 వోల్టుల బ్యాటరీ, 1 కిలో ఓమ్ రెసిస్టర్, 10 కిలో ఓమ్ పొటెన్షియోమీటరు (తిప్పి వోల్టేజీ మార్చుకునేది), డిజిటల్ మల్టీమీటరు, 1ఎన్4148 డయోడు ఒకటి, ఎరుపు లేసర్ పాయింటరు, పనికిరాని పాత సీడీ ఒకటి. రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్లలో ఇవన్నీ దొరుకుతాయి. ఎల్‌ఈడీలు కొనేటప్పుడు తల నీళ్ళలా తేటగా ఉన్నవే అడగండి. రంగు ప్లాస్టిక్ తొడుగు ఉంటే వెలుగు రంగు ఏదో, తొడుగు రంగు ఏదో తేల్చడం కష్టం. తెల్ల ఎల్‌ఈడీ ఈ కొలతకు పనికిరాదు. అది లోపల నీలం ఎల్‌ఈడీయే. దాని మీద పూసిన ఫాస్ఫర్ పొర కొంత నీలం వెలుగును మింగి పసుపు వెలుగునిస్తుంది, రెండూ కలిసి తెల్లగా కనబడతాయి.

మొదటి మెట్టు: అల అంటే ఏమిటో సముద్రం దగ్గర చూడండి

గోపాల్‌పూర్ వెళ్ళినప్పుడు ఒడ్డున విరిగే అలను కాకుండా, దానికి అవతల లంగరు వేసి ఉన్న పడవను చూడండి. అల దాని కిందుగా వెళ్తుంటే పడవ లేస్తుంది, దిగుతుంది. అలతోపాటు ఒడ్డుకు రాదు. అంటే నీరు దాదాపు ఉన్నచోటే ఊగుతోంది, ముందుకు వస్తున్నది శక్తి. అక్కడి తెలుగు జాలర్లకు ఇది పుట్టినప్పటి నుంచీ తెలుసు. పుస్తకం దీన్నే తరంగ చలనం అంటుంది.

ఇప్పుడు గడియారం తీసి, పడవ పదిసార్లు లేవడానికి ఎంతసేపు పట్టిందో చూసి పదితో భాగించండి. అది ఆవర్తన కాలం. ఒక్క సెకనులో ఎన్నిసార్లు అన్నది పౌనఃపున్యం. రెండు శృంగాల (అల శిఖరాల) మధ్య దూరం తరంగదైర్ఘ్యం. వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం. ఆవర్తన కాలం 10 సెకన్లు వచ్చిందనుకోండి. లోతు సముద్రంలో ఆ అల పొడవు దాదాపు 156 మీటర్లు, వేగం సెకనుకు 15.6 మీటర్లు. ఒడ్డుకు వచ్చేకొద్దీ లోతు తగ్గి వేగం పడిపోతుంది, అలలు దగ్గర దగ్గరవుతాయి, ఎత్తు పెరిగి విరుగుతాయి. ఈ మార్పుల్లో మారనిది పౌనఃపున్యం ఒక్కటే. ఈ సంగతి గట్టిగా పట్టుకోండి. కాంతి గాజులోకి వెళ్ళినా ఇదే జరుగుతుంది: వేగం, తరంగదైర్ఘ్యం తగ్గుతాయి, పౌనఃపున్యం అలాగే ఉంటుంది.

కాంతి, రేడియో, ఎక్స్ కిరణాలు అన్నీ విద్యుదయస్కాంత తరంగాలు. వీటికి నీరు, గాలి వంటి యానకం అక్కర్లేదు. శూన్యంలో అన్నింటి వేగమూ ఒక్కటే, సెకనుకు 29,97,92,458 మీటర్లు. కాబట్టి పౌనఃపున్యం తెలిస్తే తరంగదైర్ఘ్యం వచ్చేస్తుంది. ఎఫ్ఎమ్ రేడియో 100 మెగాహెర్ట్జ్ అయితే 3 మీటర్లు. దూరపు తుఫానులను కనిపెట్టే డాప్లర్ రాడార్లు వాడేది సాధారణంగా 10 సెంటీమీటర్ల తరంగాలు.

రెండో మెట్టు: కాంతి అలను పాత సీడీతో కొలవండి

కాంతి కూడా అలే అయితే దాని పొడవు ఎంత? సీడీ మీద గీతల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, అంటే 1600 నానోమీటర్లు. ఇంత సన్నటి గీతలు మనకు ఊరికే దొరకడం అదృష్టం. సీడీ అంచు దగ్గర లేబుల్ వైపు బ్లేడుతో చిన్న గాటు పెట్టి, వెడల్పాటి ప్యాకింగ్ టేపు గట్టిగా అంటించి లాగండి. వెండి పొర ఊడి వచ్చి, కింద తేట ప్లాస్టిక్ మిగులుతుంది. ఆ ముక్కను గోడకు సరిగ్గా 50 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టి, లేసరును దానికి లంబంగా, దాని గుండా కొట్టండి. లేసరును ఎవరి కళ్ళలోకీ వెయ్యకూడదు, అద్దాల మీద కూడా వెయ్యవద్దు. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్ళు పక్కన ఉండాలి.

గోడ మీద నడుమ ఒక చుక్క, అటూ ఇటూ ఒక్కో చుక్క కనిపిస్తాయి. నడిమి చుక్క నుంచి పక్క చుక్కకు 22 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. సీడీ నుంచి పక్క చుక్కకు ఏటవాలు దూరం, పైథాగరస్ లెక్కన, 54.6 సెంటీమీటర్లు. 22ని 54.6తో భాగించి 1600తో గుణిస్తే దాదాపు 644 నానోమీటర్లు. ఇలాంటి ఎరుపు లేసర్ల మీద చాలావాటికి 650 అని రాసి ఉంటుంది. స్కేలుబద్దతో మిల్లీమీటరులో వెయ్యోవంతుకన్నా చిన్న దూరాన్ని కొలిచారు. పక్క చుక్కలు రావడానికి కారణం: పక్కపక్క గీతల నుంచి వచ్చే అలలు కొన్ని దిశల్లో మాత్రమే శృంగానికి శృంగం కలిసి బలపడతాయి. కణాలైతే ఇలా చెయ్యవు అనే అంటారు ఎవరైనా.

మూడో మెట్టు: ఆ అలే పొట్లాలుగా వస్తుంది

ఇక్కడ నెమ్మదిగా నడవండి. ఆధునిక భౌతికశాస్త్రం మొదలయ్యేది ఈ మలుపులోనే.

1900లో మాక్స్ ప్లాంక్ వేడి వస్తువుల వెలుగును లెక్కగట్టడానికి ఒక నియమం పెట్టుకోవాల్సి వచ్చింది: శక్తి ధారగా కాక ముక్కలు ముక్కలుగా మారుతుంది, ఒక్కో ముక్క పరిమాణం పౌనఃపున్యానికి అనుపాతంలో ఉంటుంది. ఆ అనుపాత స్థిరాంకమే ప్లాంక్ స్థిరాంకం, 6.626 × 10⁻³⁴ జౌల్ సెకన్లు. 1905లో ఐన్‌స్టీన్ ఇంకో అడుగు ముందుకేసి, కాంతే పొట్లాలుగా వస్తుందన్నాడు. లోహం మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. అయితే కాంతి పౌనఃపున్యం ఒక హద్దుకు తక్కువైతే, ఎంత ప్రకాశంగా వేసినా ఒక్క ఎలక్ట్రానూ రాదు. హద్దు దాటితే మసక వెలుగుకైనా వస్తుంది. ధారగా పడే శక్తి అయితే కాసేపు ఆగి పోగుచేసుకోవచ్చు కదా? అలా జరగదు. ప్రహరీ గోడ సగం ఎత్తు వరకే బంతి విసరగలిగిన పిల్లలు వందమంది కలిసి విసిరినా ఒక్క బంతి కూడా గోడ దాటదు. దాటించగల పిల్ల ఒక్కతి చాలు. ప్రకాశం అంటే ఎన్ని బంతులు, రంగు అంటే ఒక్కో బంతి ఎంత బలంగా వచ్చింది. ఆ బంతినే ఫోటాన్ అంటాం.

ఇప్పుడు మన సంఖ్య. అణువుల లోకంలో జౌల్ మరీ పెద్ద కొలత, అందుకని ఎలక్ట్రాన్ వోల్టు వాడతారు: ఒక ఎలక్ట్రాన్ ఒక వోల్టు దాటితే పొందే శక్తి, 1.602 × 10⁻¹⁹ జౌళ్ళు. స్థిరాంకాలన్నీ కలిపేస్తే మిగిలేది ఇదొక్కటే:

ఫోటాన్ శక్తి (ఎలక్ట్రాన్ వోల్టుల్లో) = 1240 ÷ తరంగదైర్ఘ్యం (నానోమీటర్లలో)

వెంటనే కాగితం తీసి మీరే లెక్క వెయ్యండి. రిమోట్ పరారుణం 940 నానోమీటర్లు: 1.32. ఎరుపు 630: 1.97. నీలం 465: 2.67. ఈ మూడు సంఖ్యలనూ గోడ మీద రాసి ఉంచుకోండి, ఆరో మెట్టులో మళ్ళీ కలుస్తాయి.

నాలుగో మెట్టు: వికిరణాన్ని పొట్లం పరిమాణంతో వేరుచెయ్యండి

ఒకసారి ఒక పిల్ల అడిగింది: "మాస్టారూ, ఛత్రపురం ఇసకలో రేడియేషనుందంటారు, సెల్ టవర్లోనూ రేడియేషనే అంటారు. రెండూ ఒకటేనా?" దానికి ఒక్క మాటలో జవాబు చెప్పి పంపెయ్యకూడదు. మన జిల్లాలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ తేడా తెలియాలి.

టవరు తరంగాన్ని 15 సెంటీమీటర్లనుకుందాం. అంటే 15 కోట్ల నానోమీటర్లు. 1240ని దానితో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టులో లక్షోవంతు కన్నా తక్కువ. ఒక నీటి అణువు నుంచి ఎలక్ట్రానును పీకాలంటే దాదాపు 12.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. టవరు ఫోటాన్ ఆ గోడ దరిదాపుల్లోకి కూడా రాదు. ఇలాంటిదాన్ని అయనీకరించని వికిరణం అంటారు. అది చెయ్యగలిగేది వేడి చెయ్యడం. మైక్రోవేవ్ ఓవెన్ చేసేదీ అదే, కాకపోతే ఎన్నో రెట్ల తీవ్రతతో మూసిన పెట్టెలో చేస్తుంది. దృశ్యకాంతి 2, 3 ఎలక్ట్రాన్ వోల్టులు. అతినీలలోహితం 300 నానోమీటర్ల దగ్గర 4 దాటుతుంది. ఎలక్ట్రానును పూర్తిగా ఊడబెరకలేకపోయినా రసాయన బంధాలను చెడగొట్టగలదు, ఎండకు చర్మం కమిలేది అందుకే. ఎక్స్ కిరణం తరంగదైర్ఘ్యం 0.1 నానోమీటరైతే 12,400. అది అయనీకరించే వికిరణం.

ఛత్రపురం సంగతి వేరు. అక్కడి తీరపు ఇసకలో ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిలిమనైట్‌తో పాటు మోనజైట్ ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ అక్కడ వాటిని వేరుచేస్తుంది. మోనజైట్‌లో థోరియం ఉంది. చాలామంది నల్ల ఇసకే రేడియేషన్ ఇసక అనుకుంటారు. ఆ నలుపు ఇల్మెనైట్‌ది. మోనజైట్ రంగు తేనె పసుపు నుంచి ఎర్రటి గోధుమ దాకా ఉంటుంది.

థోరియం-232 కేంద్రకం నిలకడలేనిది. అది విచ్ఛిన్నమై ఇంకోటి, అది మరోటి, అలా ఆరు ఆల్ఫా కణాలు, నాలుగు బీటా కణాలు వదిలి చివరికి సీసం-208గా కుదురుకుంటుంది. ఆల్ఫా అంటే హీలియం కేంద్రకం, బీటా అంటే ఎలక్ట్రాన్. ఇవి కణాలు. గామా మాత్రమే విద్యుదయస్కాంత తరంగం. వికిరణం అనే ఒకే మాట ఈ రెండు జాతులనూ కప్పేయడం వల్లే ఇంత గందరగోళం. ఈ గొలుసులో వచ్చే ఒక గామా ఫోటాన్ శక్తి దాదాపు 26 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. ఎరుపు కాంతి 2 ఎక్కడ, ఇదెక్కడ! రసాయన మార్పులన్నీ ఎలక్ట్రాన్ల మధ్య జరిగేవి, కేంద్రకం లోపలి బలాలు వాటికి లక్షల రెట్లు పెద్దవి.

మరి ఇసక తగిలితే ప్రమాదమా? పరిమాణం చూడాలి. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచే ఏడాదికి దాదాపు 2.4 మిల్లీసీవర్టుల (ఒంటికి తగిలే వికిరణానికి కొలత) వికిరణం వస్తుంది, నేల నుంచి, గాలిలోని రేడాన్ నుంచి, ఆకాశం నుంచి, తినే తిండిలోని పొటాషియం-40 నుంచి. మోనజైట్ ఉన్న తీరాల్లో అది ఇంకా ఎక్కువ, కొన్నిచోట్ల కొన్ని రెట్లు. ఆల్ఫాను ఒక కాగితం, మన చర్మం పై పొర కూడా ఆపేస్తాయి. కానీ దుమ్ముగా పీల్చితే లోపలికి పోతుంది. కాబట్టి ఒడ్డున నడవడానికి భయం అక్కర్లేదు. ఖనిజాన్ని పొడిచేసే చోట పనిచేసేవాళ్ళు మాత్రం మాస్కు లేకుండా ఉండకూడదు. పాత పెట్రోమాక్స్ లైట్ల మాంటిళ్ళలోనూ థోరియం ఆక్సైడే ఉండేది, విరిగిన మాంటిల్ పొడిని ఊదకూడదని చెప్పేది ఇందుకే.

అర్ధజీవిత కాలం, అంటే ఉన్న కేంద్రకాల్లో సగం విచ్ఛిన్నం కావడానికి పట్టే కాలం, అర్థం కావాలంటే అమ్మమ్మ దగ్గర చింతపిక్కలు అడగండి. పచ్చీసు ఆడడానికి ఒక వైపు తెల్లగా అరగదీసినవి. వంద తీసుకుని ఒక్కసారిగా వెయ్యండి. తెలుపు పైకి వచ్చినవి తీసేసి, మిగిలినవి లెక్కపెట్టి మళ్ళీ వెయ్యండి. ఇంచుమించు 100, 50, 25, 12 అని తగ్గుతాయి. ఏ పిక్క ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు, గుంపుగా ఎంత మిగులుతాయో చెప్పగలం. మీ పిక్కలు సమంగా పడకపోతే తగ్గుదల వేగం మారుతుంది. అదీ మంచి పాఠమే, ఎందుకంటే ప్రతి కేంద్రకానికీ తన సొంత వేగం ఉంది. థోరియం-232 సగానికి తగ్గడానికి 1,400 కోట్ల ఏళ్ళు పడుతుంది. భూమి వయసు 450 కోట్ల ఏళ్ళే కనుక, భూమి పుట్టినప్పటి థోరియంలో చాలా భాగం ఇంకా మన ఇసకలో ఉంది.

ఐదో మెట్టు: అర్ధవాహకాన్ని జాతరలో చూడండి

రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర రాత్రి మన సందుల్లో నిలబడ్డవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. సందు నిండా మనుషులు. అందరికీ కదలాలనే ఉంటుంది, ఒక్కరూ కదలలేరు. పైన మేడ మీద డాబాలన్నీ ఖాళీ. ఒకడు ఎలాగో డాబా ఎక్కాడనుకోండి. రెండు జరుగుతాయి: వాడు పైన హాయిగా తిరుగుతాడు, వాడు వదిలిన ఖాళీలోకి పక్కవాడు, ఆ ఖాళీలోకి ఇంకొకడు జరగడంతో కింద కూడా కదలిక వస్తుంది. ఈ మనుషులే ఎలక్ట్రాన్లు అనుకోండి. నిండిన సందు సంయోజక పట్టీ, ఖాళీ డాబా వహన పట్టీ, మధ్య ఎత్తు నిషిద్ధ శక్తి అంతరం, కింద ఏర్పడ్డ ఖాళీ రంధ్రం. లోహంలో డాబాకూ సందుకూ ఎత్తు తేడాయే లేదు. గాజులాంటి బంధకంలో ఎక్కలేనంత ఎత్తు. ఈ రెండింటి నడుమవి అర్ధవాహకాలు: సిలికాన్‌లో 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు, జెర్మేనియంలో దాదాపు 0.67. ఈ ఎత్తును కూడా ఎలక్ట్రాన్ వోల్టుల్లోనే కొలుస్తున్నాం, గమనించారా?

సిలికాన్‌లో పిసరంత ఫాస్ఫరస్ కలిపితే అదనపు ఎలక్ట్రాన్లు డాబా మీదికి వస్తాయి, అది ఎన్-రకం. బోరాన్ కలిపితే కింద రంధ్రాలు పెరుగుతాయి, అది పి-రకం. ఇలా కలపడమే మాదీకరణం. రెండింటినీ కలిపిన సంధి దగ్గర ఎలక్ట్రాన్లు రంధ్రాల్లో పడిపోయి, మోసేవాళ్ళు లేని లేమి పొర ఏర్పడుతుంది. పురోబయాస్‌లో (బ్యాటరీ ప్లస్ పి వైపు తగిలిస్తే) ఆ పొర సన్నబడి కరెంటు వెళ్తుంది, తిరోబయాస్‌లో (తిప్పి తగిలిస్తే) వెడల్పై ఆగిపోతుంది.

పరీక్షించండి. మల్టీమీటరును డయోడు గుర్తు దగ్గర పెట్టి, ఇలాంటి సంధే ఉన్న 1ఎన్4148 డయోడుకు తగిలించండి. ఒక దిక్కున 0.6 వోల్టుల చుట్టుపక్కల కనిపిస్తుంది, తిప్పితే ఏమీ రాదు. ఇప్పుడు డయోడును రెండు వేళ్ళ మధ్య గట్టిగా పట్టుకోండి. అంకె మెల్లగా తగ్గుతుంది, ఒక్కో డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు. వేడి ఎలక్ట్రాన్లకు నిచ్చెన వేస్తోంది. రాగితీగ అయితే వేడెక్కేకొద్దీ కరెంటుకు ఇంకా అడ్డుపడుతుంది, ఇది దానికి తలకిందులు.

ఆరో మెట్టు: ప్లాంక్ స్థిరాంకాన్ని కొలవండి

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకట్లో రెండు టార్చిలైట్లు పక్కపక్కన పెట్టుకుని చూశాను. పాత బల్బు టార్చి బ్యాటరీ తగ్గేకొద్దీ ఎర్రబడి, ఇంకా ఎర్రబడి, చివరిదాకా మిణుకుమంటూనే ఉంది. ఎల్‌ఈడీ టార్చి రంగు మారకుండా సన్నగిల్లి, ఒక దశ తర్వాత పూర్తిగా ఆరిపోయింది. బల్బులో తీగ ఎంత వేడిగా ఉంటే అంత వెలుగు. ఎల్‌ఈడీ కూడా పి-ఎన్ సంధే. అందులో ఎలక్ట్రాన్ డాబా మీంచి రంధ్రంలోకి దూకి, ఆ ఎత్తుకు సరిపడా ఒక ఫోటాన్ వదులుతుంది. ఎలక్ట్రాన్‌ను అంత ఎత్తుకు ఎక్కించే వోల్టేజీ లేకపోతే వెలుగూ లేదు. అంటే ఎల్‌ఈడీ రంగూ, అది వెలగడానికి అడిగే వోల్టేజీ ఒకే విషయానికి రెండు పేర్లు. దాన్నే కొలుద్దాం.

పొటెన్షియోమీటరు చివరి రెండు కాళ్ళు బ్యాటరీకి. నడిమి కాలు నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, అక్కడి నుంచి ఎల్‌ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలు బ్యాటరీ మైనస్‌కు. రెసిస్టర్ లేకుండా ఎల్‌ఈడీని బ్యాటరీకి తగిలిస్తే కాలిపోతుంది. ఇంటి ప్లగ్గు జోలికి అసలు వెళ్ళవద్దు.

పొటెన్షియోమీటరు తిప్పుతూ, రెసిస్టర్ మీద సరిగ్గా 0.1 వోల్టు వచ్చేలా పెట్టండి. అంటే 0.1 మిల్లీ ఆంపియరు కరెంటు. ఇప్పుడు ఎల్‌ఈడీ రెండు కాళ్ళ మధ్య వోల్టేజీ రాసుకోండి. ఐదు ఎల్‌ఈడీలకూ అదే కరెంటు దగ్గర కొలవాలి. "వెలగడం మొదలైంది" అని కంటితో నిర్ణయించమని కొందరు చెబుతారు. నాకది నచ్చదు. మన కన్ను ఆకుపచ్చను తొందరగా చూస్తుంది, పరారుణాన్ని అసలు చూడదు. పరారుణం వెలుగుతోందో లేదో మొబైల్ ముందు కెమెరాలోంచి చూడండి, చాలా ఫోన్లలో ఊదారంగు చుక్క కనబడుతుంది.

పౌనఃపున్యాలు ఇలా ఉంటాయి, 10¹⁴ హెర్ట్జ్‌లలో: పరారుణం 3.19, ఎరుపు 4.76, పసుపు 5.08, ఆకుపచ్చ 5.71, నీలం 6.45. వీటిని అడ్డంగా, మీ వోల్టేజీలను నిలువుగా గ్రాఫు కాగితం మీద పెట్టి, చుక్కలకు దగ్గరగా ఒక సరళరేఖ గీయండి. ఉదాహరణకు పరారుణానికి 1.05, నీలానికి 2.48 వోల్టులు వచ్చాయనుకోండి. వాలు = 1.43 ÷ (3.26 × 10¹⁴), అంటే 4.39 × 10⁻¹⁵. దాన్ని ఎలక్ట్రాన్ ఆవేశం 1.602 × 10⁻¹⁹తో గుణిస్తే 7.03 × 10⁻³⁴. అసలు విలువకు 6 శాతం ఎక్కువ. బల్ల మీద ఇంత చవక సామానుతో!

గీత సున్నా గుండా పోదు. నీలం ఫోటాన్ 2.67 అయితే మీకు వోల్టేజీ 2.48 దగ్గరే కరెంటు వచ్చింది. మిగతా కొంచెం ఎత్తు ఎలక్ట్రాన్ తన వేడితో ఎక్కేస్తుంది. అందుకే ఒక్క ఎల్‌ఈడీ లెక్కతో ఆగిపోకుండా వాలు తీసుకోవాలి. పసుపు గీతకు కాస్త కిందా, ఆకుపచ్చ కాస్త పైనా పడితే కంగారు పడి అంకెలు దిద్దకండి. ఎరుపు, పసుపు తయారయ్యే పదార్థం అల్యూమినియం గాలియం ఇండియం ఫాస్ఫైడ్, ఆకుపచ్చ, నీలం తయారయ్యేది ఇండియం గాలియం నైట్రైడ్. రెండు కుటుంబాల నష్టాలు ఒకేలా ఉండవు. ఈ నైట్రైడ్ కుటుంబాన్ని లొంగదీయడానికి దశాబ్దాలు పట్టింది, నీలం ఎల్‌ఈడీకి అకసాకి, అమనో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది.

ఏడో మెట్టు: తలకిందులు చెయ్యండి

ఆకుపచ్చ ఎల్‌ఈడీకి ఈసారి బ్యాటరీ వద్దు. దాన్ని ఒక్కదాన్నే మల్టీమీటరుకు తగిలించి, వోల్టుల దగ్గర పెట్టి, గది చీకటి చెయ్యండి. నీలం ఎల్‌ఈడీని ఆరో మెట్టులోలాగే బ్యాటరీతో వెలిగించి, ఆకుపచ్చదాని తలకు తల ఆనించండి. మీటరు కదులుతుంది. ఫోటాన్ వచ్చి ఎలక్ట్రాన్‌ను డాబా ఎక్కించింది. ఇంటి మీది సౌర ఫలకం చేసే పని ఇదే. సిలికాన్ ఎత్తు 1.12 కాబట్టి 1240 ÷ 1.12, అంటే దాదాపు 1107 నానోమీటర్ల కన్నా పొడుగు అలలు అందులో పనిచెయ్యకుండా పోతాయి.

ఇప్పుడు నీలం తీసేసి, ఆ ఆకుపచ్చ ఎల్‌ఈడీ మీద ఎరుపు లేసరు వెయ్యండి. కంటికి లేసరు వెలుగు ముందు నీలం ఎల్‌ఈడీ వెలవెలబోతుంది. అయినా మీటరు దాదాపు సున్నా దగ్గరే కూర్చుంటుంది. ఎరుపు ఫోటాన్ 1.9, ఆకుపచ్చ ఎల్‌ఈడీలో డాబా ఎత్తు 2.3 పైన. ఎంతసేపు వేసినా, ఇంకో లేసరు తెచ్చి కలిపినా అంతే.